గేటు మీది తువ్వాల

మానవులు ఇంతకాలం ఒకరినొకరు పీక్కుతినకుండా కాపాడిన శాసనాలన్నింటిలోకీ ఘనమైనది గేటుకు కట్టిన తువ్వాల. రాజ్యాంగాలకు సవరణలుంటాయి, ధర్మశాస్త్రాలకు వ్యాఖ్యాతలుంటారు. తువ్వాలకు రెండూ లేవు. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్ల వరుసలో ఏ గేటుకు పొద్దున్నే తువ్వాల వేలాడుతుందో, ఆ ఇంట్లో రాత్రి షిఫ్టు దిగివచ్చిన మనిషి పడుకున్నాడని అర్థం. దాన్ని చూసి కూరగాయల బండివాడు నోటిదాకా వచ్చిన కేకను మింగి, చేయి మాత్రం ఊపి సాగిపోతాడు. గ్యాసు సిలిండరును దొర్లించుకు రావలసినవాడు దాన్ని పసిబిడ్డలా ఎత్తుకొస్తాడు. బంతాట పిల్లలు పక్క వరుసకు వలసపోతారు. అలిగి పుట్టింటికి బయలుదేరిన కోడలు సైతం పెట్టెను ఈడ్చదు, మోస్తుంది.

ఇంతటి శాసనంలోనూ ఒక లోపం ఉంది. అది కొట్లాటను నిషేధించలేదు. గొంతును మాత్రమే నిషేధించింది.

అందుచేత ఆ మే నెల ఉదయాన, జగదీశ్వర్ ఇంటి వంటగదిలో, నాలుగు తలలు ఒక్కచోట చేరి సాగిస్తున్న మహాసంగ్రామం, గోడ అవతల వినేవారికి ఎవరో జపం చేసుకుంటున్నట్టుగా తోచింది.

"బోడుప్పల్‌కు ఏం తక్కువైందే?" అని శోభ గుసగుసగా గర్జించింది.

శోభ జగదీశ్వర్ భార్య యమునకు అక్క. హైదరాబాదు శివార్లలో, బోడుప్పల్‌లో కాపురం. చెల్లెలు పిల్ల చదువు కోసం ఇల్లు మారబోతున్నదనీ, అదీ కరీంనగర్ పక్కన కొత్తపల్లికి మారబోతున్నదనీ తెలిసి, ఆ ఘోరాన్ని ఆపడానికి నిన్న సాయంత్రమే రైలెక్కి వచ్చింది.

"మా గల్లీలనే నాలుగు స్కూళ్లున్నయి. పొద్దుగాల బాల్కనిల నిలవడితే పచ్చ బస్సు, నీలం బస్సు, పసుపు బస్సు. పిల్ల ఏ బస్సెక్కితే ఆ చదువు."

"గంత దూరమైతే ఆయన ఎట్లొస్తడక్కా?"

"రైలు లేదా? రామగుండంల ఎక్కితే అయిపాయె."

"ఎక్కి, దిగి, మీ గల్లీ దొరకవట్టేసరికి మళ్ల డ్యూటీ టైమైతది."

"మంచిర్యాల," అన్నాడు కొమురెల్లి.

కొమురెల్లి యమున మామగారు. ముప్పై ఏళ్లు బొగ్గు నరికి, ఊపిరితిత్తులు ఇక చాలన్నాక, కంపెనీ డాక్టర్లు పనికి అనర్హుడని తేల్చగా, తన ఉద్యోగ సింహాసనాన్ని కొడుకు జగదీశ్వర్‌కు అప్పగించి వానప్రస్థం స్వీకరించాడు. ఆ గనుల ప్రాంతంలో కిరీటం అంటే దీపం బిగించిన టోపీ. రాజ్యం పోయినా రాజనీతి పోలేదు గనుక ప్రతి సమావేశంలోనూ ఆయన ఒకే మాట చెబుతాడు, ఆ మాటే మళ్లీ చెబుతాడు.

"మంచిర్యాల. గోదారి దాటితే వచ్చె. అక్కడ బడులు లేవా? వాడు షిఫ్టు దిగి అన్నం యాళ్లకు ఇంట్ల ఉంటడు."

"మంచిర్యాలల గూడ గిదే కథ మామా. అక్కడ సగం ఇండ్లకు తువ్వాలలే."

"తువ్వాలకు చదువుకు ఏం సంబంధమే?" అంది శోభ.

యమున బియ్యంలో లేని రాయిని వెతకసాగింది.

సంబంధం ఉంది, కానీ అది సభలో చెప్పదగిన కారణం కాదు. సభలో చెప్పదగిన కారణాలను యమున ఏడాదిగా పోగుచేసింది. శివారు పట్టణాల మీద ఆమె సాగించిన పరిశోధనకు ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు, అడగలేదు గనుక. చుట్టాల పెండ్లికి పోతే పెండ్లికూతుర్ని వదిలేసి పిల్లల పక్కన భోజనానికి కూర్చునేది. ఏ బడి బిడ్డా? లెక్కల సారు మంచిగ చెప్తడా? కొడ్తడా? నీళ్లు చల్లగుంటయా? ఇలా పెద్దపల్లినీ, సుల్తానాబాద్‌నీ, కరీంనగర్ చుట్టూ ఉన్న ఊళ్లనూ ఆమె పాయసం తింటూనే జల్లెడపట్టింది. చివరికి మిగిలింది కొత్తపల్లి. ఊరనడానికి పెద్దది, నగరమనడానికి తనకే మొగమాటపడేది. అక్కడ ధవళగిరి ఇంటర్నేషనల్ స్కూలుంది. ఏ దేశం దాన్ని తనదనలేదు గనుక అంతర్జాతీయమే. సైన్సు ల్యాబు ఉంది, పెద్ద గ్రౌండు ఉంది, రెండు వీధుల అవతల అద్దెకు రెండు పడకగదుల ఇల్లుంది.

ఇవి పైకి చెప్పే కారణాలు. అసలు కారణం మరొకటి. చలికాలంలో ఒకనాడు యమున ఒంటరిగా కొత్తపల్లి పోయి, ఆ బడి వదిలే వేళకు గేటు ఎదుట చింతచెట్టు నీడలో నిలబడింది. గంట మోగింది. పిల్లలు గేటు దాటుతూనే గొంతు చించుకొని ఒకరినొకరు పిలుచుకున్నారు, తిట్టుకున్నారు, పకపకా నవ్వారు. ఒక్కరు కూడా వాళ్లను ఉష్ అనలేదు. యమున ఆ చెట్టు కిందనే నిర్ణయించుకుంది.

ఎందుకంటే ఆమె కూతురు ధరణి, ఏడో తరగతి అప్పుడే పూర్తయిన పిల్ల, పుట్టుక నుంచీ తువ్వాల ప్రజ. ఎక్కాలు పెదవులతో నేర్చుకుంది. దాగుడుమూతల్లో దొరికిపోయినా కేక వేయదు. మొన్న మెట్టు మీద జారి మోకాలు చీరుకుపోతే, గోడకు ముఖం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది. ఏడ్చి, మందు తనే రాసుకుంది. ఆ గాయాన్ని మూడో రోజు తలస్నానం చేయించబోయి యమున చూసింది. గట్టిగా మాట్లాడగలిగే ఇల్లు ఒకటి కావాలి. అది భూమ్మీద ఎక్కడో ఒకచోట ఉండాలి. ఈ మాట అక్కకు ఎలా చెప్పాలి? చెప్పినా గుసగుసగానే చెప్పాలి.

"సరే, కొత్తపల్లే అనుకుందం," అన్నాడు కొమురెల్లి. దగ్గు తోసుకొచ్చింది. ఆయన అలవాటు ప్రకారం ముఖాన్ని భుజం మీది గుడ్డలో దాచుకుని, దగ్గునంతా అందులోనే కుక్కి, కళ్లు తుడుచుకుని బయటికొచ్చాడు. "నువ్వు పోతవు, పిల్ల పోతది. నాకు దవాఖాన కరీంనగర్‌ల గూడ ఉన్నది, నేనొస్త. వాడు?"

"ఆయన ఈన్నే ఉంటడు. రెస్టు రోజు వస్తడు."

"వానికి బువ్వ?"

"డబ్బా..." అని యమున ఆగిపోయింది.

"కొత్తపల్లి నుంచి డబ్బానా?" అంది శోభ.

"మెస్సు ఉన్నది కదక్కా, బస్టాండు కాడ. పక్క వరుస సంపత్ వాళ్లింటామె పిల్లలను తీస్కొని కరీంనగర్ పోయినంక సంపతన్న అందులనే తింటున్నడు. ఏమైంది? మంచిగనే ఉన్నడు."

"సంపత్ సగమయిండు," అన్నాడు కొమురెల్లి.

నలుగురూ ఒకేసారి జగదీశ్వర్ పడుకున్న వసారా పక్క గది వైపు చూశారు. తలుపుకు కట్టిన ముదురాకుపచ్చ తెర కదలలేదు. లోపల కూలర్ తిరుగుతున్న సన్నని సొద తప్ప మరే చప్పుడూ లేదు.

జగదీశ్వర్ నిద్ర ఒకప్పుడు ఆ వరుసలో ఒక ప్రకృతి వైపరీత్యంగా లెక్క. ఆయన భూగర్భ గనిలో ఫిట్టరు. పక్క క్వార్టరు ఐలవ్వ ఆయన గురకను విని, "ఏందే యమునా, మీ ఇంట్ల బొగ్గు మోసే బెల్టు నడుస్తందా?" అని పరామర్శించేది. ఈ మధ్య అడగడం మానేసింది. ముసలిదానికి చెవులు మందగించాయని యమున జాలిపడింది.

"మంచిగ నిద్రవట్టింది పాపం," అంది శోభ, ఇంకాస్త గొంతు తగ్గించి.

బియ్యం డబ్బా మీద గుడ్డ కింద దాచిన ఫోను వణికింది. ఆ ఇంట్లో ఫోన్లు మోగవు. యమున దాన్ని చీరకొంగులో చుట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖంలో సంతోషమూ భయమూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"స్కూలు నుంచి. ఎనిమిదిల ఒక్కటే సీటు మిగిలిందట. రేపు పదకొండింటికి రమ్మన్నరు. పిల్లను ఏవో అడుగుతరట." ఆగింది. "తల్లిదండ్రులు ఇద్దరు రావాలెనట."

ఎండకాలం మొదలైనప్పటి నుంచీ ఇక్కడే గుసగుసగా పట్టణాలు తూచారు, దూరాలు కొలిచారు, కొత్త ఇంటి వంటగదిలో గాలి ఎటు నుంచి వస్తుందో కూడా చర్చించారు. ఇంత వ్యూహంలో తండ్రి అనేవాడు కూడా అవసరపడతాడని ఎవరికీ తోచలేదు.

"ఆయనకు ఇంక చెప్పనే లేదా?" అంది శోభ.

"ఎప్పుడు చెప్పాలె అక్కా? నైట్ షిఫ్టు ఉంటే పగలంత పండుకుంటడు. ఫస్ట్ షిఫ్టు ఉంటే పొద్దుగూకంగనే పండుకుంటడు. సెకండ్ షిఫ్టు ఉంటే ఆయన వచ్చేసరికి నేను పండుకుంట."

"రెస్టు రోజు?" అంది ధరణి. అంతసేపట్లో ఆ పిల్ల మాట్లాడింది అదొక్కటే.

"రెస్టు నాడు బాపు నవ్వుకుంట తిరుగుతడు బిడ్డా. గప్పుడు ఎట్ల చెప్త?"

"ఇప్పుడు లేపి చెప్పు మరి," అంది శోభ.

ముగ్గురూ ఆమె వైపు చూసిన చూపులో, నిండు సభలో పెద్దలను తూలనాడినవాళ్ల మీద వాలే నిష్ఠూరం ఉంది. రాత్రి షిఫ్టు మనిషిని లేపడమా? అంత సడి లేకుండా, అంత సుఖంగా పడుకున్న మనిషినా? మహాసభ ఆ ప్రతిపాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చి, కుక్కరు మొదటి కూత వేయకముందే పొయ్యి ఆర్పి, ముగిసింది.

*

శోభ మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయింది. పోతూ పోతూ గేటు దగ్గర, తువ్వాల పక్కన నిలబడి, "రేపు నన్ను అనొద్దు," అని నోటితో కాక కళ్లతో అంది.

ఎండ తగ్గాక జగదీశ్వర్ లేచాడు. స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. పగలంతా పడుకున్న మనిషికి ఆ ఎరుపేమిటని యమున ఒక క్షణం అనుకుంది. కూలర్ గాలి పడలేదేమో అని మరుక్షణం సర్దుకుంది. ఆమెకు ఇప్పుడు కళ్ల గురించి తీరికగా ఆలోచించే ఓపిక లేదు. పదిహేనేళ్లుగా మూడు షిఫ్టులకూ మూడు రకాల వేళల్లో వండిన చేతులు, ఎవరైనా వచ్చి పక్కకు తీసిపెడతామంటే ఇచ్చేసేలా ఉన్నాయి.

"రేపు కరీంనగర్ పోవాలె," అంది అన్నం వడ్డిస్తూ.

"ఊ."

"ధరణి స్కూలు పని. నువ్వు గూడ రావాలె. డ్యూటీ దిగి సీదా బస్టాండుకు రా. మంచి అంగీ నేను పట్టుకొస్త."

"ఊ."

"ఊ అంటే?"

"ఊ అంటే ఊ."

యమున ఎదురుచూసింది. ఏ స్కూలు అని అడుగుతాడనుకుంది. ఎందుకని అడుగుతాడనుకుంది. అడిగితే చెప్పడానికి ఏడాదిగా కూర్చుకున్న మాటలు గొంతులో వరుసకట్టి నిలబడ్డాయి. ఆయన పప్పు కలుపుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తీరిగ్గా నమిలాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"వేస్కో. డబ్బా పక్కనే ఉన్నది."

"అలవాటు చేస్కోవాలె. మెస్సుల ఎట్లుంటదో ఏమో."

యమున చేతిలోని గరిటె గిన్నె మీదే ఆగింది. ఆయన ముఖంలో కోపం లేదు, అసలేమీ లేదు. మిగిలిన అన్నం తిని, మజ్జిగ తాగి, చేయి కడుక్కోవడానికి పెరట్లోకి నడిచాడు. ఆమె గబగబా వసారాలో మామగారి మంచం దగ్గరికి పోయింది.

"మామా, ఆయనకు చెప్పినవా?"

"నేనా? నేనేం చెప్పలే. నేను మంచిర్యాల తప్ప ఏమన్న చెప్పిన్నా?"

అది నిజమే. అయితే శోభక్క చెప్పి ఉంటుంది. రైలెక్కే ముందు ఫోను చేసి ఉంటుంది. పుట్టింటివాళ్లతో ఇదే బాధ. యమునకు ఒక పక్క ఒళ్లు మండింది, మరో పక్క తేలికైంది. చెప్పవలసిన కష్టమైన మాటను మరొకరు చెప్పేస్తే మనసు ఇలాగే రెండుగా చీలుతుంది.

జగదీశ్వర్ డ్యూటీకి బయలుదేరాడు. గేటు దగ్గర ఆగి తువ్వాల ముడి విప్పాడు. ఎండకు అది అట్టలా బిగుసుకుపోయి ఉంది. దులిపి, మడతపెట్టి, భుజాన వేసుకోబోయి, మళ్లీ ఆలోచించి యమున చేతికిచ్చాడు.

"కొత్తపల్లిల పనికొస్తది తీస్కో," అన్నాడు. "ఆడ కట్టెటోళ్లు ఉండరేమో."

వెక్కిరింపో, నిజంగానే అన్నాడో ఆమెకు తెలియలేదు. ఆయన అప్పటికే షేర్ ఆటో ఎక్కాడు.

*

మర్నాడు జగదీశ్వర్ డ్యూటీ దిగి నేరుగా బస్టాండుకు వచ్చాడు. ఎంత తోమినా పోని బొగ్గు కంటి అంచుల్లో నిలిచి, పెండ్లికొడుకుకు కాటుక దిద్దినట్టుంది. మరుగుదొడ్ల పక్కన నిలబడి మంచి అంగీ మార్చుకున్నాడు. కొమురెల్లి కూడా వచ్చాడు. ఆయనను ఎవరూ పిలవలేదు. కానీ వంశపు భవిష్యత్తు నిర్ణయమయ్యే చోట మాజీ ప్రభువు లేకపోవడం బాగుండదని, ఇస్త్రీ పంచె కట్టుకుని అందరికంటే ముందే బస్సెక్కి కిటికీ సీటు పట్టుకున్నాడు.

దారిలో పడుకోమని యమున రెండుసార్లు చెప్పింది. జగదీశ్వర్ పడుకోలేదు. పెద్దపల్లి దాకా పొలాలను చూశాడు, ఆ తర్వాత పొలాల్లో లేస్తున్న ప్లాట్ల హద్దురాళ్లను చూశాడు. కరీంనగర్‌లో దిగి ఆటో మాట్లాడుకుని కొత్తపల్లి చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది.

ధవళగిరి ఇంటర్నేషనల్ స్కూలు ప్రిన్సిపాల్ గది మంచుకొండలా ఉంది. ప్రిన్సిపాల్ చంద్రమతి గారు కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మెత్తని కాటన్ చీర, అంతకంటే మెత్తని మర్యాద. కుర్చీలు మూడే ఉన్నాయి. జగదీశ్వర్ వెనక గోడ వారగా ఉన్న సోఫాలో కూలబడ్డాడు. ఏసీ గాలి నేరుగా ఆయన మీదికి వచ్చింది. చంద్రమతి గారు కళ్లజోడు సవరించుకుని, "మీరు పాప నాన్నగారా అండీ?" అని తలెత్తేసరికి, పాప నాన్నగారి తల సోఫా వీపు మీదికి వాలి ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. చేతులు ఒడిలో పొందికగా ఉన్నాయి.

అంతే. ఆ క్షణాన, ఆ గదికి కనబడని గేటొకటి మొలిచి, దానికి తువ్వాల వేలాడింది.

కొమురెల్లి వంగి తన చెప్పుల్ని విప్పి, చప్పుడు కాకుండా కుర్చీ కిందికి తోశాడు. యమున తన గాజుల్ని మోచేతి వైపు ఎగదోసుకుంది. ధరణి ఒకసారి వెనక్కి తిరిగి తండ్రిని చూసి, ముందుకు తిరిగింది.

"నీ పేరేంటమ్మా?" అన్నారు చంద్రమతి గారు.

పిల్ల పెదవులు కదిలాయి.

"వినపడలేదు తల్లీ. కొంచెం గట్టిగా."

"ధరణి." ఆ మాట బల్ల సగం దాటి అలసిపోయింది.

"సిగ్గా? సిగ్గుపడకూడదు. మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో చెప్పగలవా?"

ధరణికి తెలుసు. ఆకూ, ఎండా, నీరూ, గాలీ, పత్రహరితమూ, అన్నీ వరుసగా చెప్పింది. ఒక్కటీ తప్పు కాదు. యమునకు ప్రతి అక్షరమూ తెలిసింది. పదమూడేళ్లుగా ఆ పెదవుల్ని చదువుతున్న తల్లి గనుక. బల్లకు అవతల చంద్రమతి గారు మాత్రం కుర్చీ అంచుకు జరిగి, చెవి ఒగ్గి, చివరికి తాను కూడా గొంతు తగ్గించారు.

"గట్టిగా చెప్పమ్మా," అన్నారావిడ, గుసగుసగా.

ధరణి గుండెల నిండా ఊపిరి తీసుకుంది. గొంతు పైకి లేవబోయింది. సరిగ్గా అప్పుడే యమున చూపుడు వేలు, యమునను అడగకుండానే, పైకి లేచి పెదవుల మీద నిలిచింది.

అది చేసిన తర్వాత గాని తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. కూతురు ఆ వేలును చూసింది. తీసుకున్న ఊపిరిని జాగ్రత్తగా వదిలేసింది. ఇక ఆ పైన దేనికీ జవాబు చెప్పలేదు.

టీ పట్టుకొచ్చిన ఆయా గుమ్మంలో ఆగి, పరిస్థితి అంచనా వేసి, మునివేళ్ల మీద నడిచి వచ్చింది.

"ఆయనకు నైట్ షిఫ్టు మేడం," అంది యమున, వినీవినబడకుండా. "రాత్రంత బొగ్గుబాయిల ఉండి వచ్చిండు. అందుకే పిల్ల..."

"అయ్యో, అర్థమైందండీ. ఆయన్ని పడుకోనివ్వండి, పాపం." చంద్రమతి గారి మెత్తదనంలో ఏ లోటూ రాలేదు. "కానీ పాపకి నైట్ షిఫ్టు లేదు కదా. బోర్డు దగ్గర నిలబెడితే ఇలాగే ఉంటే, ఎనిమిదిలో నెగ్గుకురాలేదండీ. మళ్లీ ఏడులోనే వెయ్యండి, ఒక ఏడాదిలో నోరు విప్పుతుంది. సరేనంటే సాయంత్రంలోగా ఫోన్ చెయ్యండి. బయట చాలామంది అడుగుతున్నారు."

యమునకు చెప్పాలని ఉంది. ఇది పిరికి పిల్ల కాదు మేడం, మా ఇల్లు అటువంటిది. దీని గొంతు ఎట్లుంటదో నాకే తెల్వదు, అది విందామనే ఇంత దూరం వచ్చిన. ఇంత మాట గుసగుసగా చెబితే ఎవరు నమ్ముతారు? గట్టిగా చెప్పాలంటే ఆయన లేస్తాడు. ఆమె లేచి నిలబడి, చేతులు జోడించింది.

కొమురెల్లి సోఫా దగ్గరికి పోయి కొడుకు భుజాన్ని ఒక వేలితో తాకాడు. ఇంట్లో జగదీశ్వర్‌ను లేపాలంటే సైన్యం కావాలి. ఇక్కడ ఆ ఒక్క వేలే చాలింది. ఆయన కళ్లు తెరిచాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

*

తిరుగు బస్సులో జగదీశ్వర్‌కు డ్రైవరు వెనక సీటు దొరికింది. మిగిలిన ముగ్గురూ ఆయనకు రెండు వరుసలు వెనక కూర్చుని, అలవాటైన స్థాయిలో యుద్ధం పునఃప్రారంభించారు.

"చదివిన తరగతి మళ్ల చదువుడేంది?" అన్నాడు కొమురెల్లి. "దాన్ని ఫెయిల్ చేసినట్టే గద. మంచిర్యాలల ఎనిమిదిల తీస్కుంటరు."

"ఒక్క ఏడాది మామా. ఏడాది పోతే పోనీ. స్కూలు మంచిది."

"మంచిది కాదని నేనన్నానా? ఆమె ఎంత మెల్లగ మాట్లాడింది. మనింటి మనిషి లెక్కనే ఉన్నది."

"నీకేమైంది ఆమె ముందల?" యమున కూతురి వైపు తిరిగింది. కసరాలనుకుంది, గొంతులో అంత శక్తి మిగలలేదు. "అన్నీ వచ్చు గద నీకు. గట్టిగ చెప్తే ఏం పోయేది?"

ధరణి తల్లి చేతి వైపు చూసింది, చూపుడు వేలి వైపు. కిటికీ ఊచకు నుదురు ఆనించుకుంది. ఏడుస్తోందో లేదో, ఆ పిల్ల విషయంలో, వినడం వల్ల తెలిసేది కాదు.

యమున ఫోను తీసి చేతిలో పెట్టుకుంది. సాయంత్రంలోగా అన్నారు. సరే అంటే కూతురు తన ఈడు పిల్లల కంటే ఒక మెట్టు కింద కూర్చుంటుంది. వద్దంటే కొత్తపల్లి లేదు, చింతచెట్టు లేదు, ఆ గేటు దాటిన అరుపులు లేవు. మళ్లీ ఆ వరుసే, ఆ తువ్వాలే, చీరకొంగులో చుట్టిన ఫోనే. ఇంతా చేసి ఇదంతా ఎవరి వల్ల వచ్చింది? పాపం, ఎవరి తప్పూ కాదు. రాత్రంతా కష్టపడి వచ్చిన మనిషి, చల్లగాలి తగిలింది, కన్నంటుకుంది. ఆయనను ఏమనగలరు? ఆమె నంబరు వెతికింది.

సుల్తానాబాద్ దాటింది. అప్పుడు బస్సులో ఒక ధ్వని పుట్టింది.

మొదట అది రాతి మీద రాయిని ఈడుస్తున్నట్టు సన్నగా సాగింది. ఆపైన అది పెరిగింది. డ్రైవరు గేరు మార్చి చూశాడు, తగ్గలేదు. కండక్టరు వంగి బానెట్టు మీద చెవి పెట్టబోయి, అసలు కారణాన్ని కనుగొని, నడుం నిటారు చేసుకుని, "అన్నా, గిది మన బండిది కాదు," అని ప్రకటించాడు. బస్సంతా నవ్వింది. డ్రైవరు వెనక సీటులో జగదీశ్వర్ తల పక్కకు వాలింది. నోరు తెరుచుకుని ఉంది. మంచి అంగీ పై గుండీ ఊడిపోయింది. ఒక రాత్రిది కాదు, ఎన్నో పగళ్ల బాకీని ఒక్కసారిగా చెల్లించుకుంటున్నట్టు ఆయన నిద్రపోతున్నాడు. పక్క సీటులోని పసిబిడ్డ ఏడుపు లంకించుకుంది. ఎవరో రెండు చేతులతో చెవులు మూసుకున్నారు.

"ఉష్," అంది యమున చుట్టూ నవ్వుతున్నవారిని చూసి, అలవాటుగా. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగుతోంది.

ధరణి కిటికీ నుంచి నుదురు తీసింది. రెండు వరుసల ముందున్న ఆ తలను చాలాసేపు చూసింది. తర్వాత తల్లిని చూసింది. ఆపైన, డ్రైవరుకూ కండక్టరుకూ చివరి సీటువాళ్లకూ కూడా చక్కగా వినబడేలా, ఖంగుమనే కొత్త గొంతుతో అంది:

"అమ్మా, మేడం రూముల బాపు గురక పెట్టలే. ఎండకాలం మొదలైనకాన్నుంచి ఇంట్ల గూడ పెడ్తలేడు."